ఒక్క ఓటుతో కేంద్ర ప్రభుత్వం పడిపోవడం న్యాయమేనా?

న్యాయమే. ఒక్క ఓటుతో ఓడినా వంద ఓట్లతో ఓడినా ఓటమి ఓటమే. మీరు అడిగింది జయలలిత అన్నాడీఎంకే మద్దతు తీసేశాక, 1999 ఏప్రిల్ 17న లోక్‌సభ విశ్వాస ఓటింగులో వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోవడం గురించి కాబట్టి చెప్తున్నా, నా గొడవ ప్రభుత్వం పడిపోయినందుకు కాదు. పడగొట్టినవాళ్ల దగ్గర పెట్టడానికి ఇంకో ప్రభుత్వం లేకపోయినందుకు.

మాది సాలూరు. ఆ రోజు ఢిల్లీలో జరిగినదాంట్లో మా పొరుగువాళ్ల పాత్ర పెద్దదే. మా ఊరి నుంచి ఘాట్ రోడ్డెక్కి సుంకి దాటితే కొరాపుట్, ఆ కొరాపుట్ కాంగ్రెస్ ఎంపీ గిరిధర్ గమాంగ్. ఫిబ్రవరిలోనే ఆయన ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యారు గానీ లోక్‌సభకి రాజీనామా చేయలేదు, ఆ రోజు వచ్చి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. శనివారం, ఒంటిపూట బడి అయిపోయి ఇంటికి వస్తూ దారిలో లారీ బాడీలు కట్టే షెడ్డు దగ్గర ఆగాను, ఎందుకంటే లోపల వెల్డింగ్ మోత లేదు. సాలూరులో ఆ మోత ఆగిందంటే కరెంటైనా పోవాలి, ఏదో విశేషమైనా జరగాలి. కరెంటు ఉంది. అందరూ ఓ చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు ఉన్నారు, ఒక కుర్రాడు రేకు మీదకెక్కి యాంటెన్నా తిప్పుతున్నాడు. వడ్రంగి చెవి మీద పెన్సిల్ తీసి, ఉలి పెట్టాల్సిన చెక్క మీదే లెక్కలు రాస్తున్నాడు: అన్నాడీఎంకే పోతే ఇన్ని, మాయావతి రాకపోతే ఇన్ని, చౌతాలా వస్తే ఇన్ని.

269, 270 అని వినపడగానే ఎవరికీ ఎవరు గెలిచారో అర్థం కాలేదు. ఒక నిమిషం తర్వాత, ప్రభుత్వానికి 269, వ్యతిరేకంగా 270 అని తెలిశాక గోల మొదలైంది. కొరాపుట్ లైన్లో తిరిగే డ్రైవర్ ఒకాయన నన్ను పట్టుకుని "మాస్టారూ, ముఖ్యమంత్రి అయిపోయినాక మళ్లీ ఢిల్లీలో ఓటేటండీ?" అని అడిగాడు. ఉందయ్యా, ఎంపీ పదవి వదలనంతవరకు సభ్యుడే, స్పీకరు కూడా ఆయన విచక్షణకే వదిలేశారు అన్నాను. ఆ స్పీకరు మన అమలాపురం తెలుగుదేశం ఎంపీ బాలయోగి గారు. దాంతో వడ్రంగి అందుకున్నాడు, బాలయోగిని స్పీకర్ని చేయకుండా కింద బెంచీలో కూర్చోబెట్టి ఉంటే మనవాడి ఓటు కలిసి 270, 270 అయ్యేది కదా అని. స్పీకరుకి ఓట్లు సమానమైతేనే ఓటు, నిజమే. మరి స్పీకరు కుర్చీలో ఎవర్ని కూర్చోబెడతావు, ఆయన ఏ పార్టీవాడు, ఆయన ఓటు ఎటు పోయేది అంటే జవాబు లేదు. ఈ లెక్క ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది.

అందరూ గమాంగ్‌నే తిడతారు, నాకది నచ్చదు. ప్రభుత్వాన్ని సమర్థిస్తున్న నేషనల్ కాన్ఫరెన్స్‌లో ఉంటూ సైఫుద్దీన్ సోజ్ వ్యతిరేకంగా వేశారు, ఆయన్ని పార్టీ బహిష్కరించింది కూడా. మాయావతి చివరి నిమిషంలో వ్యతిరేకంగా వేయించారు. ఒక్క ఓటు తేడా అయినప్పుడు అది ఎవరి ఓటైనా కావొచ్చు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. సోనియా గాంధీ రాష్ట్రపతి నారాయణన్ గారిని కలిసి 272 మంది మద్దతు ఉందన్నారు, ములాయం సింగ్ నా మద్దతు లేదు పొమ్మన్నారు. అంతే, ఏప్రిల్ 26న లోక్‌సభ రద్దు. మే నెలలో కార్గిల్. ఓడిపోయిన ప్రధానే, ఆపద్ధర్మ ప్రభుత్వంతోనే, జులై దాకా యుద్ధం నడిపారు. ఎన్నికల తర్వాత మళ్లీ ఆయనే ప్రధాని. మరి పడగొట్టి సాధించిందేమిటి?

నాకైతే ఇంకో ఎలక్షన్ డ్యూటీ. 1996, 1998, 1999, మూడేళ్లు దాటీదాటకుండా మూడు లోక్‌సభ ఎన్నికలు. 1999లో అసెంబ్లీకి కూడా కలిపి పెట్టారు. పాచిపెంట పైన ఏజెన్సీ ఊరు, గెడ్డ పొంగితే జీపు ఇవతలే ఆగిపోయింది, పెట్టెలు నెత్తిన పెట్టుకుని దాటాం. తెల్ల బ్యాలెట్ లోక్‌సభకి, గులాబీ బ్యాలెట్ అసెంబ్లీకి. ఒక ముసలావిడ రెండూ కలిపి మడిచి ఒకే పెట్టెలో వేసేసింది, ఏజెంట్లిద్దరూ ఆ పెట్టె తెరవమని గొడవ. తెరవకూడదయ్యా బాబూ అని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకి వచ్చింది. రాత్రి కొవ్వొత్తి వెలుగులో లక్క కరిగించి సీళ్లు వేసి, అటుకులు తిని పడుకున్నాం. దానికి ఇచ్చిన భత్యం గురించి రాయకపోవడమే మంచిది.

ఇలా ప్రభుత్వాలు పడిపోవడానికి చాలాసార్లు మూలం, ప్రభుత్వంలో చేరకుండా బయటి నుంచి మద్దతు అనే తంతు. పెళ్లికి పైసా పెట్టకుండా పందిట్లో పెత్తనం చేసే చుట్టం లాంటిది అది. 1979లో ఇందిర మద్దతు నమ్ముకున్న చరణ్ సింగ్ ప్రధానిగా పార్లమెంటు మొహం చూడకుండానే రాజీనామా చేశారు, ఆయన సలహా మీద లోక్‌సభ రద్దు చేసింది మన నీలం సంజీవరెడ్డి గారే. 1990లో వీపీ సింగ్‌కి బీజేపీ మద్దతు తీసేసింది. 1991లో రాజీవ్ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా కానిస్టేబుళ్లు కనిపించారన్న వంకతో చంద్రశేఖర్ పోయారు. 1997లో కాంగ్రెస్ ఒకే ఏడాదిలో దేవెగౌడనీ గుజ్రాల్‌నీ ఇద్దర్నీ దింపింది. వీటిల్లో ఒక్కసారైనా దింపినవాళ్లు ఎన్నిక లేకుండా తామొచ్చి కూర్చున్నారా? లేదు. మా తెలుగుదేశం మాత్రం తక్కువ తిందా, యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్‌గా ఉన్న చంద్రబాబు గారు 1998లో వాజ్‌పేయికి బయటి నుంచి మద్దతిచ్చారు.

జర్మనీలో ఈ ఆటలు సాగవు. అక్కడ పార్లమెంటు ఛాన్సలర్‌ని, అంటే వాళ్ల ప్రధానిని, దించాలంటే తర్వాతివాణ్ని అదే ఓటుతో ఎన్నుకోవాలి. 1982లో ష్మిట్‌ని దించి కోల్‌ని కూర్చోబెట్టింది అలాగే, ఇప్పటిదాకా అది నెగ్గింది ఆ ఒక్కసారే. 1999లో మన దగ్గర జరిగింది అవిశ్వాసం కాదు, రాష్ట్రపతి అడిగితే పెట్టిన విశ్వాస తీర్మానం అని ఎవరో ఒకరు కామెంట్లో పాఠం చెప్తారు, తెలుసు. దానికీ ఇదే షరతు పెట్టొచ్చు. పెట్టి ఉంటే ఆ ఎన్నిక వచ్చేదే కాదని నేను పందెం కాస్తాను.

ఇప్పుడు లోక్‌సభకీ అసెంబ్లీలకీ ఒకేసారి జమిలి ఎన్నికలు అంటున్నారు. 2024 డిసెంబర్‌లో పెట్టిన బిల్లు ప్రకారం లోక్‌సభ మధ్యలో రద్దయితే మిగిలిన కాలానికి మాత్రమే మళ్లీ ఎన్నిక. అంటే ఎన్నిక తప్పదు, గెలిచినవాళ్లకి ఐదేళ్లూ దక్కవు, డ్యూటీ మాత్రం పూర్తిగా చేయాలి. నేను రిటైరయ్యాను, నాకు బాధ లేదు. మా అమ్మాయి టీచరు, పోస్టింగ్ ఏజెన్సీలోనే.