మ్యూజియంలో ఒకే పక్షి నమూనాలు వందల కొద్దీ ఎందుకు?

ఒక్కటి దాస్తే చాలదా అని ఒకరు అడిగారు. చాలదు, ఎందుకంటే మార్పు తెలియాలంటే పోల్చుకోవడానికి పాతవి ఉండాలి.

పెరిగ్రిన్ డేగ గుడ్ల సంగతే చూడండి. బ్రిటన్‌లో అవి గూళ్లలోనే పగిలిపోతుంటే కారణం అంతుపట్టలేదు. బ్రిటిష్ పక్షి శాస్త్రవేత్త డెరెక్ రాట్‌క్లిఫ్ పాత సేకరణల్లోని ఖాళీ పెంకులను తూచి, కొలిచి చూశారు. 1940ల చివరి నుంచి పెంకు పలచబడిందని 1967లో ప్రకటించారు. డీడీటీ అనే పురుగుమందు వాడకం పెరిగింది సరిగ్గా అప్పుడే! అది ఒంట్లో చేరితే పెంకుకు కాల్షియం సరిగా అందదు.

వాటిలో పాత గుడ్లు సేకరించినవాళ్లకు డీడీటీ ఊసే తెలియదు. అయినా పెంకు మీదో, పక్కనున్న చీటీలోనో తేదీ, చోటు శ్రద్ధగా రాసిపెట్టారు. నా దృష్టిలో అసలు నిధి ఆ రాతే. అది లేకపోతే పెంకు వట్టి అలంకారం.