అనిమే చూసే అబ్బాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి హర్షకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. హాస్టల్లో అందరూ కలిసి అనిమే, అదే జపాన్ యానిమేషన్, చూస్తుంటే కజిన్లు ప్రేమించుకునే కథ రాగానే కొందరు ఛీ అని లేచిపోయారనీ, మిగిలినవాళ్లు జపాన్‌లో ఇవన్నీ మామూలేనని వాదించారనీ రాశావు. ఏ పక్షాన నిలబడమంటావని అడిగావు. రెండూ వద్దురా. లేచిపోయినవాళ్లకు జపాన్ తెలియదు, మామూలే అన్నవాళ్లకు అసలే తెలియదు. మీ పెదనాన్న ఉద్యోగరీత్యా టోక్యోలో, నిషి-కసాయిలో ఉన్నన్నాళ్లూ అక్కడి ఇళ్లలోకి వచ్చీపోయీ, పిల్లల్ని అక్కడి బడిలోనే చదివించినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మనసుకి ముల్లులా తగిలే సన్నివేశం వచ్చినప్పుడు ముందు ఒక్కటి తేల్చుకో. అది వాళ్లకు రోజూ ఉండేదేనా, లేక వాళ్లకూ తప్పేనా? ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం వల్లే మీ గదిలో గొడవయింది.

1988లో వచ్చిన 'మై నైబర్ టొటోరో' అనే అనిమే సినిమాలో ఒక తండ్రి తన ఇద్దరు చిన్న ఆడపిల్లలతో కలిసి స్నానం చేస్తాడు. అమెరికాలో ఈ సన్నివేశం చాలామందికి ఎబ్బెట్టుగా తోచింది. జపాన్‌లో ఒళ్లు ముందే బయట కడిగేసుకుని, వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి కూర్చుంటారు. అవే నీళ్లలో ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు. చిన్నపిల్లలు అమ్మతోనో నాన్నతోనో దిగుతారు, రోజంతటి కబుర్లు అక్కడే చెబుతారు. అందులో వేరే అర్థం వాళ్లకు తట్టనే తట్టదు. అలాగని హద్దు లేకపోలేదు. ఊరి స్నానశాలలో మగపిల్లాణ్ణి ఆడవాళ్ల వైపు, ఆడపిల్లను మగవాళ్ల వైపు తీసుకెళ్లే వయసు పరిమితిని టోక్యో 2022లో పదేళ్ల నుంచి ఏడేళ్లకు దించింది. వాళ్ల గీత కూడా జరుగుతూనే ఉంటుంది, చూశావా?

ఇక మీ అసలు గొడవ, కజిన్ల ప్రేమ. ఇక్కడ తెలుగువాడికి ఉన్న వెసులుబాటు చాలామందికి లేదు. జపాన్ పౌరస్మృతి 734వ అధికరణం ప్రకారం తోబుట్టువుల పిల్లలు పెళ్లాడవచ్చు. ప్రధానిగా చేసిన నవోతో కాన్ భార్య ఆయనకు కజినే. ఇప్పుడు అలాంటి పెళ్లిళ్లు అక్కడ అరుదు గానీ నేరం కాదు. అయితే మేనత్త కూతురా, బాబాయి కూతురా అన్న తేడా వాళ్లకు లేదు. మనకు మేనత్త కూతురు మరదలు, బాబాయి కూతురు చెల్లెలు. అందుకే అనిమేలో అన్నదమ్ముల పిల్లలు ప్రేమించుకుంటే మనకు ఒళ్లు జలదరిస్తుంది. మరి మీ అమ్మమ్మను సొంత మేనమామకే ఇచ్చారని చెప్పినప్పుడు టోక్యోలో మా పక్కింటావిడకు నోట మాట రాలేదు. మేనమామ, మేనకోడళ్ల పెళ్లి అక్కడి చట్టం ఒప్పుకోదు. మనకు 1955 హిందూ వివాహ చట్టం ఆచారముంటే సరేనంది. ఎవరు ఎవర్ని చూసి ఛీ అనాలి చెప్పు?

అమెరికావాళ్లది మరో దారి. 'సెయిలర్ మూన్' అనే అనిమే సిరీస్‌లో ప్రేమికులైన ఇద్దరమ్మాయిల్ని ఇంగ్లిష్ డబ్బింగ్‌లో కజిన్లుగా మార్చేశారు. అలా మారిస్తే ప్రేమ మాట ఎవరికీ తోచదని వాళ్ల ధీమా. ఆ ధీమా వాళ్ల ఊళ్లో చెల్లుతుంది, మన ఊళ్లో చెల్లదు. అందుకే చెబుతున్నాను, యూట్యూబ్‌లో అమెరికన్ కుర్రాడి రివ్యూ ముందు చూసి, అతని వెగటును నీ వెగటనుకోకు. నీ కడుపులో ఏం తిరిగిందో నువ్వే చూసుకో.

నాన్న రెండో పెళ్లి చేసుకోవడం, రక్తసంబంధం లేని చెల్లెలు ఇంట్లోకి రావడం, ప్రేమ. ఈ కథ అనిమేలో లెక్కలేనన్నిసార్లు వస్తుంది. దీని వెనక ఒక పాత అలవాటుంది. కొడుకుల్లేని ఇళ్లలో అల్లుణ్ణి దత్తత తీసుకుని ఇంటిపేరు నిలబెట్టుకుంటారు, మన ఇల్లరికానికి ఇంకో మెట్టు పైన. అందుకే దత్తపుత్రుడు ఆ ఇంటి కూతుర్ని పెళ్లాడవచ్చని వాళ్ల చట్టమే చెబుతుంది. మన చట్టంలో దత్తత బంధుత్వమూ రక్తసంబంధంతో సమానమే. ఈ సంగతి తెలిశాక కూడా కొన్ని సిరీస్‌లు నాకు నచ్చవు. ఆ చట్టాన్ని అడ్డం పెట్టుకుని కేవలం చొంగ కార్పించడానికి తీసినవి అవి. సంస్కృతి అని వాటిని నువ్వు వెనకేసుకురానక్కర్లేదు.

సొంత అన్నాచెల్లెళ్ల శృంగారం మాత్రం అక్కడా తప్పే. కథలో వచ్చింది కదా అని ఊళ్లో జరుగుతుందనుకోకు. పెళ్లికి చట్టం ఒప్పుకోని దగ్గరి బంధువుల మధ్య శృంగారాన్ని గొప్ప చేసి చూపే మాంగా (జపాన్ బొమ్మల కథలు), అనిమేలను 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకుండా 2010 డిసెంబరులో టోక్యో తన నిబంధనలు సవరించింది. పెద్ద ప్రచురణ సంస్థలు భావప్రకటన స్వేచ్ఛకు దెబ్బని మండిపడి అక్కడి అనిమే ఫెయిర్‌ను బహిష్కరించాయి. అంటే జపాన్‌లోనూ మీ హాస్టల్ గొడవే, ఇంకా పెద్ద గొంతుతో. శృంగారానికి సమ్మతి తెలిపే వయసును జపాన్ 13 నుంచి 16కు పెంచింది 2023లో. ఏళ్ల తరబడి అక్కడి బాధితులూ ఆడవాళ్లూ పోరాడితే వచ్చిన మార్పది.

బడిపిల్లల్ని అసభ్యంగా చూపే బొమ్మల దగ్గర నా మాట కచ్చితం. చూడకు, దాచుకోకు, గ్రూపులో పంపకు. పిల్లల అశ్లీల చిత్రాలు దగ్గర ఉంచుకోవడాన్ని జపాన్ 2014లో నేరం చేసినా గీసిన బొమ్మల్ని వదిలేసింది. మన దగ్గర ఆ ధైర్యం పనికిరాదు. 2019లో పోక్సో చట్టాన్ని సవరించినప్పుడు, సృష్టించిన చిత్రమైనా అందులో పిల్లలున్నట్టు కనిపిస్తే నిర్వచనంలోకి వచ్చేలా రాశారు. బొమ్మే కదా అని నీకు ఎవరు చెప్పినా వినకు. చట్టం సంగతి అలా ఉంచు, నీకూ ఒక చెల్లెలుంది.

ఇంకోటి. షోనెన్ (కుర్రాళ్లకు), సెయ్‌నెన్ (యువకులకు) అన్నవి కథ ఏ పాఠకుల పత్రికలో వచ్చిందో చెప్పే పేర్లు, వయసు సర్టిఫికెట్లు కావు. 'షిన్‌చాన్' మొదట వచ్చింది పెద్దవాళ్ల పత్రికలో. అక్కడ చాలా సిరీస్‌లు అర్ధరాత్రి దాటాకే టీవీలో వేస్తారు. నీ ఫోన్లో ఆ వేళ అనేది లేదు, అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. కాబట్టి నలుగురికీ వేసేముందు ఏ వేళకు ఉద్దేశించిందో, ఏముందో నువ్వే చూసి ముందుగా చెప్పు. లేచి వెళ్లినవాణ్ణి పల్లెటూరివాడని ఎగతాళి చెయ్యకండి.

మనం దాచుకునేవీ చూడాలి కదా. 1991 నాటి 'ఓన్లీ ఎస్టర్‌డే' అనే అనిమే సినిమాలో అయిదో తరగతి ఆడపిల్లలకు బడిలో నెలసరి గురించి చెబుతారు, మగపిల్లలు ఏడిపిస్తారు, ఆ పిల్లలు కుంచించుకుపోతారు. అమెరికాలో అది థియేటర్లకు చేరేసరికి 2016 అయింది. మనమేమో షామియానా వేసి ఓణీల ఫంక్షన్ చేస్తాం, ఊరందర్నీ పిలుస్తాం, ఇంట్లో ఆ మాటొస్తే మగపిల్లల్ని బయటికి పంపేస్తాం. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ సినిమా మీ అమ్మతో, చెల్లితో కూర్చుని చూడు. మీ నాన్న కూడా ఉంటే మరీ మంచిది. ఎవరూ లేచి వెళ్లకపోతే, ఏం మాట్లాడుకున్నారో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ