లాయరు తాత జవాబులు: తెలిసీ వాదించడం

ప్రశ్న: మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో పెర్రీ మేసన్ పాత సీరియల్ పెట్టిచ్చాడు. ప్రతి కథ చివరా అసలు దోషి కోర్టులోనే నోరు జారి ఒప్పేసుకుంటాడు. మన కోర్టుల్లో ఎప్పుడైనా అలా జరిగిందా సార్?
- ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

ముప్పై తొమ్మిదేళ్లు చిత్తూరు కోర్టులో నల్లకోటు వేసుకున్నాను. ఒక్కడూ ఒప్పుకోలేదు. లేచినవాళ్లంతా వాయిదా అడగడానికే లేచారు. 1957 నుంచి 1966 దాకా నడిచిన ఆ సీరియల్‌లో లాయరు మేసన్‌గా వేసిన రేమండ్ బర్ దాదాపు ప్రతి కేసూ గెలిచేస్తాడు. ఎదుటి ప్రాసిక్యూటర్ హామిల్టన్ బర్గర్‌ను చూస్తే నాకు జాలి. హాయిగా చూడండి. కక్షిదారుడు నిర్దోషి అయితే లాయరుకు నిద్ర బాగా పడుతుంది. పట్టని రాత్రుల గురించి కింది ఉత్తరం.

ప్రశ్న: లాయరు గారూ, మా అమ్మాయి తిరుపతిలో లా మూడో ఏడు చదువుతోంది. అమెరికాలో ఉండే మా తమ్ముడు ‘ది డిఫెండర్స్’ అనే పాత కోర్టు సీరియల్ డిస్కులు తెచ్చిచ్చాడు. రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం చూస్తున్నాం. ముద్దాయి ఆ పని చేశాడని తెలిసి కూడా అందులో తండ్రీకొడుకులు కేసు పట్టుకుంటారు. అది పాపం కాదా అని నేను, అదే వాళ్ల డ్యూటీ అని మా అమ్మాయి. ఇంట్లో మూడు రోజులుగా ఇదే గొడవ. మీరు ఎవరి పక్షం?
- ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

అమ్మా, ఆ మొదటి సీజన్ డిస్కులు మా అల్లుడు కూడా పంపాడు. సాయంత్రం పూట రిమోట్ నా చేతికి రాదు కాబట్టి తెల్లవారుజామున, సౌండు తగ్గించుకుని, 32 కథలూ చూశాను. కొన్ని రెండుసార్లు.

1961లో మొదలై 1965 వరకు అమెరికా టీవీ ఛానెల్ సీబీఎస్‌లో వచ్చిన సీరియల్ అది. సృష్టించినవాడు రెజినాల్డ్ రోజ్. పన్నెండుమంది జ్యూరీ సభ్యులను ఒక గదిలో కూర్చోబెట్టి 1954లో ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ అనే టీవీ నాటకం రాసింది ఆయనే. దాన్ని 1957లో సినిమా తీసినప్పుడు నాలుగో జ్యూరర్‌గా వేసిన ఇ.జి. మార్షలే ఇక్కడ తండ్రి లారెన్స్ ప్రెస్టన్. కొడుకు కెన్నెత్‌గా రాబర్ట్ రీడ్. పెర్రీ మేసన్‌లో ప్రశ్న ‘ఎవరు చేశారు?’ అని. ఇక్కడ చాలా కథల్లో అది మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతుంది. చేసినదాన్ని ఏమనాలి అన్నదే మిగతా కథంతా. మొట్టమొదటి ఎపిసోడే చూడండి, మానసిక వైకల్యంతో పుట్టిన పసికందును కరుణతో చంపిన డాక్టరు మీద కేసు. ఆ డాక్టరును తిట్టడానికీ నోరు రాదు, మెచ్చుకోవడానికీ రాదు. 1962 ఏప్రిల్‌లో వచ్చిన ‘ది బెనిఫాక్టర్’లో గర్భస్రావాలు చేసిన డాక్టరు. ఆ ఎపిసోడ్ వస్తుందనగానే మామూలుగా డబ్బు పెట్టే ముగ్గురు స్పాన్సర్లూ తప్పుకున్నారు, చివరికి వాచీల పట్టీలు అమ్మే కంపెనీ ముందుకొచ్చింది. మన దేశంలో గర్భస్రావాన్ని అనుమతించే చట్టం 1971లో గానీ రాలేదు. అంటే వాళ్లు ఎంత ముందుగా ఆ తేనెతుట్టె కదిపారో చూడండి.

ఇక మీ గొడవ. చట్టం మీ అమ్మాయి పక్షమే. ముద్దాయి నేరం చేశాడా లేదా అన్న సొంత అభిప్రాయంతో పని లేకుండా లాయరు అతని తరఫున నిలబడాలని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక కేసులో, ఫలానావాడి తరఫున ఎవరూ వాదించకూడదని లాయర్ల సంఘాలు తీర్మానాలు చేయడం చెల్లదని సుప్రీంకోర్టు 2010లో గట్టిగా చెప్పింది. సాక్ష్యం లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదు, అంతే. అక్కడివరకు నాకు సందేహం లేదు.

కానీ మీకు కలుక్కుమన్నది అక్కడ కాదనుకుంటాను. ఒక సంగతి చెబుతాను. ఆనవాలు దొరక్కుండా కొంచెం మార్చి రాస్తున్నాను.

చాలా ఏళ్ల కిందట ఒక బెల్లం మండీలో గల్లాపెట్టె పగిలింది. ముద్దాయి అక్కడి గుమాస్తానే. వకాల్తా మీద సంతకం పెట్టిన సాయంత్రమే, “తీసింది నేనే సార్, కూతురి పెళ్లికి” అన్నాడు. చూసినవాడు ఒక్కడే, రాత్రి వాచ్‌మన్, అరవై దాటిన మనిషి. బోనులో నిలబెట్టి అడిగాను. ఆ రాత్రి కరెంటు ఉందా? లేదు సామీ. ఎంత దూరం? ఇరవై అడుగులుంటాది. కళ్లాపరేషన్ ఎప్పుడయింది? ఆ తర్వాత రెండు నెలలకి. మరి ఎలా గుర్తుపట్టావు? “నడక చూసి పోల్చినాను సామీ. ఎడమకాలు ఈడుస్తాడు.” చిత్తూరులో కాలు ఈడ్చేవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పగలవా అన్నాను. కోర్టు హాల్లో నవ్వారు.

ఆ ప్రశ్నలకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. చీకట్లో నడక చూసి పోల్చాడన్న మాట మీద ఒక మనిషిని జైలుకు పంపవచ్చా అని అడగడం నా పని. సిగ్గంతా ఆఖరి సజెషన్ దగ్గరే. క్రాస్, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం, ముగించేటప్పుడు మేమందరం అలవాటుగా వేసే వాక్యం ఒకటుంది: “నువ్వు అబద్ధపు సాక్ష్యం చెబుతున్నావంటాను.” ఆయన నిజమే చెబుతున్నాడని తెలిసి కూడా ఆ వాక్యం వేశాను. అక్కర్లేకపోయినా వేశాను. ఆయన “కాదు సామీ” అన్నాడు, జడ్జిగారు రాసుకున్నారు. బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద కేసు కొట్టేశారు. సాక్షి చూపు మీద అనుమానంతోనే కొట్టేశారు, నా సజెషన్‌తో ఆ తీర్పుకు పనే పడలేదు.

నెల తర్వాత కోర్టు ఎదురుగా టీ బంకు దగ్గర ఆ పెద్దాయన కలిశాడు. మండీలో పని పోయిందట. “నేను అబద్ధం చెప్పినానని ఊర్లో అందరూ అంటా ఉండారు సామీ. నువ్వూ అట్లే అనుకుంటాండావా?” అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకుందామని అడిగినట్టు.

లేదు, నువ్వు చెప్పింది నిజం అంటే చాలు. కానీ అంటే, నా కక్షిదారుడు నాతో చెప్పుకున్నది బయటపెట్టినట్టే. సాక్ష్య చట్టం 126వ సెక్షన్ (కొత్త చట్టంలో 132) ఆ తాళం వేసింది, కేసు ముగిసినా అది ఊడదు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. “టీ చల్లారిపోతోంది, తాగు పెద్దాయనా” అన్నాను. తాగాడు. నేను ఇవ్వబోతే వద్దని తన డబ్బులు తనే ఇచ్చుకుని వెళ్లాడు.

ప్రెస్టన్లు కొన్ని కేసులు ఓడిపోతారు, చూశారు కదా. గెలిచిన కథలకంటే అవే నాకు తేలిగ్గా అరుగుతాయి. రెండోసారి చూసేటప్పుడు లాయర్లను వదిలి, బోను దిగి వెళ్లిపోయే సాక్షులను చూడమని మీ అమ్మాయితో చెప్పండి. ఆ పెద్దాయనకు నేను ఏం జవాబు చెప్పి ఉండవచ్చో తనకేమైనా తోస్తే, ఈ శీర్షికకే ఒక కార్డు రాయమనండి.