లంగరు దగ్గర ఆ పాత పేర్లే దిక్కు

"తమ్ముడు ఓడలో డెక్ కేడెట్‌గా (ఆఫీసరు శిక్షణకి) చేరుతున్నాడు. ఫోక్సిల్, హాస్ పైప్, షాకిల్, లాంగ్ స్టే... తెరచాపల కాలం నాటి ఈ పేర్లన్నీ ఇప్పుడు కూడా నేర్చుకోవాలా?" అని అడిగారు. నేర్చుకోవాలి. ఓడ ఎక్కకముందే నోటికి రావాలి.

నేను కేడెట్‌గా ఉన్నప్పుడు విశాఖ బయట రాత్రిపూట లంగరు వేశాం. బ్రేక్ వదలగానే గొలుసు పరుగెత్తింది. లింకులకు ఎండిపోయిన బురద, తుప్పు పొడి కలిసి ఎర్రటి దుమ్ములా లేచి ఫోక్సిల్ (ఓడ ముందు కొసన ఉండే డెక్) అంతా కమ్మేసింది. టార్చి వేసినా విండ్‌లాస్ (గొలుసుని దింపి ఎత్తే యంత్రం) సరిగ్గా కనబడలేదు. గొలుసు ముక్కలని కలిపే, ఎర్ర రంగు వేసిన జాయినింగ్ షాకిల్, దాని పక్క తెల్ల లింకులు కనబడితేనే ఎంత గొలుసు దిగిందో తెలిసేది. అలా కలిపిన ఒక్కో గొలుసు ముక్కని కూడా షాకిల్ అనే అంటారు: 15 ఫాథమ్‌లు, అంటే 27.5 మీటర్లు. వెనక బ్రిడ్జిలో (ఓడ నడిపే గదిలో) ఉన్న కెప్టెన్‌కి ఓడ ముక్కు కింద గొలుసు ఎటు పోతోందో కనబడదు. వాకీటాకీలో మేం చెప్పిందే ఆయనకు ఆధారం.

నాతో ఉన్న ఇంకో కేడెట్ "సార్, చైన్ బాగా లాగేస్తోంది" అన్నాడు. ఎటు, ఎంత అని అవతల నుంచి కేక. సిక్కోలు వైపు నుంచి వచ్చిన మా బోసన్ (డెక్ మనుషుల మేస్త్రీ) వెంటనే అందుకుని "లెవెన్ ఓ క్లాక్, లాంగ్ స్టే" అన్నాడు. అంటే ముక్కుకి కాస్త ఎడమగా, దూరంగా, బిగుసుకుని ఉందని. ఇంజిన్ కొద్దిగా ముందుకి ఇచ్చారు, గొలుసు వదులైంది. తర్వాత ఆ కుర్రాడితో బోసన్, "బాబూ, నీ టెన్షన్ ఆయనకెందుకు? గొలుసు సంగతి చెప్పు" అన్నాడు.

చాలామంది ఓడని ఆపేది లంగరు ఒక్కటే అనుకుంటారు. సముద్రం అడుగున పరుచుకున్న గొలుసు బరువు వల్లే లాగుడు అడ్డంగా పడి లంగరు పట్టు నిలుస్తుంది. ఈ ముక్క చెప్పకుండా, లక్షలు తీసుకుని జిరాక్స్ నోట్సు చేతిలో పెట్టే కోచింగ్‌లను చూస్తే నాకు మండుతుంది. గొలుసుని తాకని పిల్లాడు ఓరల్స్‌లో (నోటి పరీక్షలో) గడగడా చెబుతాడు, ఫోక్సిల్ మీద నోరు పెగలదు.

తమ్ముడికి చెప్పండి: గొలుసు పరుగెత్తే వరుసలో ఎప్పుడూ నిలబడకూడదు. బిట్టర్ ఎండ్‌ని (గొలుసు లోపలి కొసని) చైన్ లాకర్ (గొలుసు ఉండే గది) దగ్గర ఎలా బిగించారో, అత్యవసరమైతే బయటి నుంచి ఎలా విడిపించాలో బోసన్‌ని అడిగి మొదటి వారంలోనే చూసుకోమనండి.