ఐజీఎం దొరకకపోతే ముందు రేవు పేరు చూడండి

మీ ఓడ చెన్నై పోర్టుకు కాకుండా దగ్గర్లోని కాట్టుపల్లి రేవుకో ఎన్నూరు రేవుకో వచ్చి ఉంటుంది. అంబత్తూరులో మీ యూనిట్‌కు రావాల్సిన బేరింగుల కంటైనర్ దిగిందంటున్నారు, ఐజీఎం (ఓడలో వచ్చిన సరుకు గురించి కస్టమ్స్‌కు ఇచ్చే జాబితా) మాత్రం కనిపించడం లేదంటున్నారు. నంబరు సరైనదే, మీరు వెతికే రేవు వేరు.

వాడుకలో అన్నీ "చెన్నై"యే. కస్టమ్స్‌కు మాత్రం మూడు వేర్వేరు రేవులు, మూడు కోడ్‌లు: చెన్నై ఐఎన్ఎంఏఏ1, ఎన్నూరు ఐఎన్ఈఎన్ఆర్1, కాట్టుపల్లి ఐఎన్‌కేఏటీ1. దేని ఐజీఎం దానిదే.

1. అరైవల్ నోటీసు (ఓడ వస్తోందని షిప్పింగ్ లైన్ పంపే కాగితం) తీసి టెర్మినల్ పేరు చదవండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు రవాణా పత్రం) మీద "చెన్నై" అని చూసి ఆగిపోతారు. ఓడ బయల్దేరాక కూడా టెర్మినల్ మారొచ్చు, అది పాత బీఎల్‌లో ఉండదు. నోటీసు రాకపోతే షిప్పింగ్ లైన్‌కే ఫోన్ చేసి కంటైనర్ నంబరు చెప్పండి. ఫార్వర్డర్ (రవాణా ఏజెంటు) "చెన్నైయే సార్" అంటే సరిపోదు.

2. కస్టమ్స్ వెబ్‌సైట్ ఐస్‌గేట్‌లో ఆ రేవు ఎంచుకుని ఐజీఎం నంబరు, తేదీ, లైన్ నంబరు (ఆ జాబితాలో మీ సరుకు వరుస సంఖ్య) తీసుకోండి. హౌస్ బీఎల్ (ఫార్వర్డర్ ఇచ్చిన బీఎల్) అయితే సబ్‌లైన్ కూడా.

3. ఆ కోడ్ మీదే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు గురించి కస్టమ్స్‌కు ఇచ్చే ప్రకటన) వేయించండి. చెన్నై మీద ముందే వేసి ఉంటే దాన్ని రద్దు చేయించమని మీ సీహెచ్ఏకు (కస్టమ్స్ ఏజెంటుకు) చెప్పండి.

బిల్ ఆఫ్ ఎంట్రీ ఆలస్యమైతే రుసుము మొదటి మూడు రోజులు రోజుకు రూ.5,000, ఆపైన రోజుకు రూ.10,000. కారణం సరైనదైతే మాఫీ చేసే అధికారం కస్టమ్స్ అధికారికి ఉంది. టెర్మినల్ మారినట్టు షిప్పింగ్ లైన్ నుంచి ఉత్తరం తీసుకుని అడగండి, మొహమాటపడొద్దు.