ఊరి చట్టం రాయబోతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. నువ్వు టౌన్ కౌన్సిల్‌కి గెలిచావని విన్నప్పుడు సంతోషించాను. వాషింగ్టన్‌లోని ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం మాట కాదని మీ ఊళ్లో చట్టం తేవాలనుకుంటున్నావని మీ నాన్న చెప్పాక ఆ సంతోషానికి కొంచెం టెన్షన్ కూడా తోడైంది. నేనూ ఈ అమెరికాలో ఒక చిన్న ఊరి కౌన్సిల్‌లో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణే. ఇదే పని ఒకసారి చెడగొట్టాను, ఒకసారి సరిగ్గా చేశాను. రెండూ చెబుతాను.

2001 అక్టోబరులో, ఉగ్రవాద దాడుల తర్వాత, పేట్రియట్ యాక్ట్ అనే నిఘా చట్టం వచ్చింది. అందులోని 215వ సెక్షన్ ప్రకారం ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారో ఫెడరల్ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ రహస్య కోర్టు ఆర్డరుతో లైబ్రరీని అడగగలిగేది (ఆ సెక్షన్ గడువు 2020లో తీరిపోయింది). అడిగారన్న సంగతి లైబ్రరీ వాళ్లు బయటికి చెప్పకూడదని ఉండేది. మాకు ఒళ్లు మండిపోయింది. హాలు నిండా జనం, చప్పట్లు, ఆ చట్టం మాకొద్దని ఏకగ్రీవ తీర్మానం. మరుసటి వారం లైబ్రరీ కౌంటర్‌లో కూర్చునే ఆవిడ నన్ను ఆపి, "రేపు నిజంగానే ఎవరైనా వస్తే నేనేం చేయాలండీ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మేం రాసుకున్న రెండు పేజీల్లో ఆవిడ కోసం ఒక్క వాక్యం కూడా లేదు.

ఆ రోజుల్లో దేశం మొత్తం మీద 400కు పైగా ఊళ్లు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) అలాంటి తీర్మానాలు చేశాయి. అవి వృథా అని నేను అనను. కానీ తీర్మానం అభిప్రాయం మాత్రమే, ఆర్డినెన్స్ చట్టం. (ఇండియాలో లాగా ఇక్కడ ఆర్డినెన్స్ అంటే గవర్నరు తెచ్చే అత్యవసర చట్టం కాదు, ఊరు తనకు తాను చేసుకునేది. మీ నాన్నకి కూడా ఇది చెప్పు, ఆయన పొరబడుతున్నాడు.)

రెండోసారి ఆర్డినెన్సే రాశాను. "ఫెడరల్ అధికారులెవరూ మా లైబ్రరీ రికార్డులు అడగరాదు" అని మొదలుపెట్టాను. ఊరి లాయరు ఆ వాక్యం మీద పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి, "వాళ్లు ఏం చేయకూడదో చెప్పే అధికారం మనకు లేదు. మనం ఏం చేయమో రాయండి" అన్నాడు. అప్పుడు దాని చోట ఇలా రాశాం: "పుస్తకం తిరిగొచ్చిన రోజే, తీసుకున్నవారి పేరు రికార్డు నుంచి తీసేయాలి." రికార్డు లేకపోతే ఎవరు అడిగినా ఇవ్వడానికి ఏముంటుంది? అయితే అది రోజూ జరిగే పని కావాలి. కోర్టు ఆర్డరు చేతికొచ్చాక చెరిపేస్తే అది నేరం, అక్కడ మాత్రం పొరపాటు చేయనివ్వకు.

ఆ పెన్సిల్ గీత వెనక పెద్ద చరిత్రే ఉంది. ఫెడరల్ చట్టానిదే పైచేయి అని రాజ్యాంగం ఆరో ఆర్టికల్‌లో ఉంది కాబట్టి, వాళ్ల మనిషిని నువ్వు ఆపలేవు. కానీ వాళ్ల పని నీ మనుషులతో చేయించుకోవడం వాళ్లవల్ల కూడా కాదు. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టం విషయంలో 1842లోనే సుప్రీం కోర్టు ఈ దారి చూపించింది. మరుసటి ఏడాది మసాచుసెట్స్ తన అధికారులుగానీ జైళ్లుగానీ ఆ పనికి వాడకూడదని చట్టం చేసింది. 1997లో ఇదే సూత్రం మీద ఇద్దరు షెరీఫ్‌లు (కౌంటీ పోలీసు అధిపతులు) గెలిచారు. తుపాకులు కొనేవాళ్ల వివరాలు తనిఖీ చేసే పని ఫెడరల్ ప్రభుత్వం తమ నెత్తిన పెట్టొద్దన్నది వాళ్ల వాదన. నీకు నచ్చని ఊళ్లు, నీకు నచ్చని కారణాలకు కూడా ఈ సూత్రాన్నే పట్టుకుంటాయి. అది ఒప్పుకునే దిగు.

గీత దాటితే ఏమవుతుందో మెయిన్ అనే రాష్ట్రంలో చూశాం. 2011 మార్చిలో సెడ్జ్‌విక్ అనే చిన్న ఊరు, రైతు తన పంటా పాలూ మాంసమూ లైసెన్సు, తనిఖీ లేకుండా నేరుగా ఇంట్లో వాడుకునేవాళ్లకు అమ్ముకోవచ్చని చట్టం చేసింది. పక్కనున్న బ్లూ హిల్ కూడా అలాగే చేసింది. ఊరి చట్టం తనను కాపాడుతుందని వాదించిన ఒక పాల రైతు 2014లో రాష్ట్ర సుప్రీం కోర్టులో ఓడిపోయాడు. ఓటేసిన వాళ్లు ఇంటికెళ్లిపోయారు, కేసు మాత్రం ఆయన మెడకు చుట్టుకుంది. ఊళ్లు పట్టు వదల్లేదు, 2017లో రాష్ట్రమే వాళ్లకు మద్దతుగా చట్టం తెచ్చింది. అప్పుడు ఫెడరల్ వ్యవసాయ శాఖ మాంసం తనిఖీలు తామే తీసుకుంటామని హెచ్చరించింది. అక్టోబరుకల్లా మాంసం, కోళ్లు ఆ చట్టం నుంచి బయటికెళ్లాయి. మిగతాది నిలిచింది.

రాష్ట్రంతో కూడా జాగ్రత్త. టెక్సస్‌లో డెంటన్ ఓటర్లు 2014 నవంబరులో ఫ్రాకింగ్‌ను (భూమిలోపలి రాతిని పగలగొట్టి చమురు, గ్యాస్ తీసే పద్ధతిని) నిషేధిస్తే, 2015 మేలో రాష్ట్రం ఒక్క చట్టంతో ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఓటింగుకు ముందే ఊరికి వచ్చే ఫెడరల్ గ్రాంట్లన్నీ క్లర్కుతో ఒక కాగితం మీద రాయించు. ఏది పోతే ఏ పని ఆగుతుందో సభలో పైకి చదువు. దాచిపెడితే తర్వాత నీ వాళ్లే నిన్ను నమ్మరు.

శిక్ష ఎవరికి వేస్తున్నావో కూడా చూసుకో. 2003లో కాలిఫోర్నియాలోని ఆర్కేటా ఊరు, పేట్రియట్ యాక్ట్‌కు తమంతట తాముగా సహకరించే వాళ్లకు 57 డాలర్ల జరిమానా పెట్టింది. అది శాఖల అధిపతులకే, కింది ఉద్యోగులకు కాదు. నాకు అది చాలా నచ్చింది.

కౌంటర్ దగ్గరావిడకు చివరికి మేం ఒక పేజీ కాగితం ఇచ్చాం. వచ్చినవారి పేరు, హోదా రాసుకోవాలి. ఆర్డరు ఉంటే కాపీ తీసుకోవాలి. ఎవరినీ అడ్డుకోకూడదు, అబద్ధం ఆడకూడదు. "మా లాయరుతో మాట్లాడండి" అని చెప్పి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో పెట్టాం. ఆవిడ దాన్ని మడిచి సొరుగులో స్టాంపు పక్కన పెట్టుకుంది.

నీ ఆర్డినెన్సు నాకు తర్వాత పంపినా పర్వాలేదు. ముందు ఆ ఒక్క పేజీ రాసి పంపు.

నీ పెదనాన్న