మీరు అడిగిన్రు, మేం చెప్తున్నం: చెట్టు బెరడు కింద పురుగు

ప్రశ్న: కెనడాల కొండల మీద పైన్ చెట్లు ఎర్రగ ఎండిపోయినయని వీడియోల చూసిన, బియ్యపు గింజంత పురుగు చేసిందట. ఎండలు పెరిగితే అది ఎందుకు ఎక్కువైతది? మన నల్లమలకు వస్తదా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: పురుగుకు సొంత ఒంటివేడి ఉండదన్నా, అదే అసలు సంగతి. ఇంట్ల బియ్యం డబ్బా చూడుర్రి, ఎండకాలంల ముక్కపురుగు నెల తిరగక ముందే డబ్బా నింపుతది, చలికాలంల అదే నిదానమైతది. ఈ మౌంటెన్ పైన్ బీటిల్ కూడ అంతే, బెరడు కింద గుడ్డు నుంచి పెద్ద పురుగయ్యేదాక వేడి కొంచెం కొంచెం జమ కావాలె, సల్లటి ఎత్తుల మీద దానికి రెండేండ్లు పడ్తది, వేడెక్కితే ఏడాదికే అయిపోతది. పైగా అన్నీ ఒక్కసారే బయటికొస్తయి, ఒకటీ రెండూ అయితే చెట్టు బంక కార్చి నెట్టేస్తది గని వందలు మీద పడితే ఏం చేస్తది పాపం.

చలి సంగతి ఇంక విచిత్రం. లార్వా (పిల్ల పురుగు) శీతాకాలానికి ఒంట్ల గ్లిసరాల్, అంటే ఒళ్లు గడ్డకట్టకుండ కాపాడే ద్రవం, తయారుచేసుకుంటది, నడి చలిల మైనస్ 40 డిగ్రీల దాక పోతే గని చావది. గ్లిసరాల్ తయారుగాక ముందే అక్టోబర్‌ల గట్టి చలి పడితే మాత్రం అంతకన్న తక్కువ చలికే చస్తది. అసొంటి చలి తగ్గినంకనే కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంల 1990ల నుంచి దాదాపు 1.8 కోట్ల హెక్టార్లకు పాకింది, మన తెలంగాణ మొత్తం 1.12 కోట్లే!

నల్లమలల టేకు, నల్లమద్ది ఉంటయి, పైన్ లేదు, ఆ పురుగుకు ఇక్కడ తిండే లేదు. మీ మామిడి మొద్దుకు బొక్క పడి పొట్టు రాలుతుంటే అది వేరే పురుగు, హార్టికల్చర్ ఆఫీసర్‌కు చూపెట్టుర్రి.